చిల్లర

హరారేలో, ఎంబారే మార్కెట్లో
నా పక్క బల్ల సెకెసాయిది.
తెల్లారకముందే టమాటాలు నాలుగేసి కుప్పలు పెట్టి
డాలరు నోట్లు ఉతుకుతుంది.
అవును, ఉతుకుతుంది.
సబ్బునీళ్ళలో ముంచి, చంటిపిల్ల జుట్టు పిండినట్టు పిండి
గోనెసంచి మీద ఆరేస్తుంది.
మురికికి కాదు, చిరిగితే ఎవడూ పుచ్చుకోడని.

ముకుండి వచ్చాడు ఫోను చాపుకుంటూ.
"అత్తా, ఈ డబ్బు తడవదు, చిరగదు."
"చిల్లరిస్తుందా?"

మా దగ్గర చిల్లరంటే రెండు బిళ్ళలు, ఒక అగ్గిపెట్టె,
అదీ లేకపోతే "రేపొస్తావుగా."

"ఎంత చిన్న ముక్కైనా చేస్తుందత్తా,
ఆవగింజని పది కోట్లు చేసి అందులో ఒకటి."
"అంత ముక్కకి టమాటా ఎలా కొయ్యను నాయనా?"

పన్నెండు మాటలు రాసుకోమన్నాడు.
అవి పోతే అంతా పోయినట్టే,
వెళ్ళి ఏడవడానికి బ్యాంకు గుమ్మమైనా ఉండదట.
కాగితం కోసం పెట్టె అడుగున తడిమితే
వంద ట్రిలియన్ల పాత నోటు చేతికొచ్చింది.
ఆ ఏడు దాన్ని పట్టుకుని రొట్టె కోసం లైనులో నిలబడ్డాం,
మా వంతు వచ్చేసరికి రొట్టె అందనంత దూరం పోయింది.
దాని వెనకే రాసింది.
చచ్చిన డబ్బు వీపు మీద
కొత్త డబ్బు జాతకం.

"ఇది చావదా?"
"చావదత్తా."
"అచ్చేసినవాళ్ళూ అదే అన్నారు."

అయినా ఒప్పుకోవాలి.
జోహన్నెస్‌బర్గ్‌లో ఇళ్ళు తుడిచే చెల్లెలు వింబాయి పంపింది
మొన్న టింగుమని వచ్చి వాలింది.
బస్సు డ్రైవరు చేతివాటం లేదు, లైను లేదు.
సెకెసాయి ఫోను తిప్పి వెనకవైపు కూడా చూసింది.
మనవరాలి జ్వరం మందు అందులోంచే వచ్చింది.
అంటే, ముకుండి నోట్లిచ్చి ఫోనులోది తను తీసుకున్నాడు.
ఎంత మిగుల్చుకున్నావురా అంటే
నా ఎండుచేపలు బాగున్నాయన్నాడు.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది, వెనకే టవరూ పోయింది.
నాలుగు టమాటాలు పట్టుకుని
చీకట్లో ఫోను ఊపుతూ నిలబడ్డాడు ముకుండి.
"పట్టుకుపో," అంది సెకెసాయి,
బల్ల అంచున గీత గియ్యడానికి బొగ్గు తడుముకుంటూ.
"రేపటికి దాని ధర మారితే?" అన్నాను.
"నాలుగు టమాటాలు," అంది,
"రేపు కూడా నాలుగే కదా."