మూడో సిలిండరు

హరార్‌లో షోవా గేటు ఎక్కుడు మీద
నా నీలం ప్యూజో మళ్ళీ దగ్గింది.
నాకంటే రెండేళ్ళు పెద్దది.
వెనక సీట్లో జొన్నబస్తాతో ఇద్దరాడవాళ్ళు.
"బస్తా నువ్వే తీసుకురా" అని దిగి నడిచిపోయారు.

కుట్టుమిషన్ల వీధిలోకి దొర్లించాను.
దర్జీ రిద్వాన్ తలెత్తకుండానే అన్నాడు:
"నాలుగు కుట్లకి ఒకటి తప్పుతోంది."

తూఫా వచ్చి బానెట్ ఎత్తాడు.
ఇంజను ఆడుతుండగానే
ఒక్కో తీగా పీకి, పెట్టి, పీకి.
మొదటిది పీకితే బండి కుంటింది.
రెండోదానికి విలవిల్లాడింది.
మూడోది పీకాడు.
ఏమీ కాలేదు.
ఉన్నా లేకున్నా తేడా తెలియనిదే
రోగి.

ప్లగ్గు మార్చాం, అదే దగ్గు.
తీగ మార్చాం, అదే.
అప్పుడు తూఫా లోతు గుంటలోంచి
బేకలైట్ గొట్టం లాగి
మొదటిదానికి తొడిగాడు, దానిది దీనికి.
మూడు పలికింది. ఒకటి మూగబోయింది.
రోగం గొట్టం వెంటే నడిచెళ్ళింది.

ఎండకి పట్టి చూశాను, నున్నగా ఉంది.
రిద్వాన్ గోటితో తడిమి "ఇదిగో" అన్నాడు.
వెంట్రుకంత పగులు,
దాని పొడుగునా నల్లటి జాడ,
నిప్పు పారిపోయిన దొంగదారి.

కొత్తది ఊళ్ళో ఎక్కడుంది?
అబ్దోష్ పోయాక పెరట్లో తుప్పు పట్టిన అతని టాక్సీలోంచి
విప్పుకోమంది నఫీసా.
డబ్బిస్తే చెయ్యి వెనక్కి పెట్టుకుంది.
"ఒక్కసారి మా గుమ్మం ముందు నుంచి పోనీ."

పోనిచ్చాను, రెండో గేరులో, మెల్లగా.
అద్దంలో చూస్తే ఇంకా నిలబడే ఉంది,
మెడ కొంచెం వంచి.

జొన్నబస్తా సాయంత్రానికి చేరింది. తిట్లు తిన్నాను.