నలభై ఒక్క మిల్లీగ్రాములు

అమృతాంజనం డబ్బాలో తెచ్చాడు, దూదిలో చుట్టి.
మూత తీస్తే ముందు వాసన వచ్చింది,
తర్వాత అది:
బియ్యపు నూకంత, నల్లగా,
ఒక్క అంచు మాత్రం మెరుస్తూ.

పెద్దాసుపత్రిలో మడమ కోసి తీశారట.
"ఆల్లు పెట్టిందేనమ్మా. మీ మిషన్లో ఎట్టి సూడండి"
అన్నాడు జాలారిపేట తెడ్డు పరసన్న.
పదకొండేళ్ల కిందట, భీమిలి దాటాక,
ఇంజను ఆగింది. నీళ్లు పాలలా తెల్లబడ్డాయి.
ఆ తర్వాత తెల్లారిపోయింది.
మధ్యలో మూడు గంటలు లేవు.
వల ఉంది, చేప ఉంది, బ్యాటరీ లైటు ఉంది,
వేళ్ల మధ్య బీడీ సగమే కాలి ఉంది.

రసీదు రాశాను.
వస్తువు: లోహపు ముక్క (అనుమానం).
తెచ్చినవారు: స్వయంగా.
ఎక్కడిది, అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
"మడమ" అని రాశాను. అబద్ధం కాదు.

మా ల్యాబులో ఏ ముక్కా ఒంటరిగా పరీక్షకి వెళ్లదు.
పక్కన తోడొకటి ఉండాలి, పుట్టుపూర్వం తెలిసినది.
మా వంటింటి కిటికీ చువ్వ మీద వేలు రాసి
చిటికెడు పోర్టు దుమ్ము తెచ్చాను.
రెండు సీసాలు. క, ఖ.
ఏది ఏదో మిషను నడిపే సుభద్రకి చెప్పలేదు.
అసలు నాకే తెలియకుండా ఉండాల్సింది.
ఎందుకంటే నాకొక కోరిక ఉంది.

ఇరవై రెండేళ్లుగా తుప్పు చూస్తున్నాను.
పైపుల తుప్పు, పడవల తుప్పు,
కోర్టుకెక్కిన వంతెన బోల్టుల తుప్పు.
ఒక్కసారైనా
పట్టికలో పేరు లేని గీత ఒకటి
తెర మీద లేచి నిలబడితే చూడాలని.

మంగళవారం కరెంటు రెండుసార్లు పోయింది.
ఉప్పుగాలికి వాక్యూమ్ పంపు దగ్గుతూనే ఉంది.
నాలుగింటికి గీతలు లేచాయి.
ఇనుము. మాంగనీసు. కొంచెం సిలికాన్.
చుట్టూ తొడుగులా కాల్షియం,
పిలవని చుట్టానికి ఒళ్లే కట్టిచ్చిన గది.
ఐసోటోపులు చూడమని హైదరాబాదు పంపాం.
నెలకి జవాబొచ్చింది:
ఈ భూమిదే. అంకెలన్నీ ఈ భూమివే.
"క కన్నా ఖ లోనే వింతలెక్కువున్నాయి మేడమ్"
అంది సుభద్ర.
ఖ నా కిటికీ.

పరసన్న కాగితం తిరగేసి మరగేసి చూశాడు.
ఉలి మొనలకి వాడే ఉక్కులా ఉంది, అన్నాను.
ఓడలకి తుప్పు కొట్టే ఉలి.
ఎప్పుడైనా ఆ పని చేశావా?
"సేసాను. పెల్లికి ముందు. షిప్‌యార్డులో రెండేల్లు.
సెప్పుల్నేకండా."
డాల్ఫిన్ నోస్ వైపు తిరిగి చూశాడు.
మా కిటికీలోంచి అది కనబడదు,
మధ్యలో కొత్త అపార్ట్‌మెంటు లేచింది.
అయినా చూశాడు.

"మరా మూడు గంటలో?"

అవి తూచే త్రాసు మా దగ్గర లేదు, అనబోయాను.
మానుకున్నాను. అంత అందంగా మాట చెప్పి పంపేయడం
అదో రకం మోసం.
"తెలీదు" అన్నాను.
"ఈ కాగితం మడమ సంగతే చెప్తుంది."
తలూపాడు. నమ్మి కాదు.
తాడు చేతికి తగలగానే
వలలో ఎంత పడిందో లెక్కేసుకునే మనిషిలా.

"అయితే ఇది నాదేనమాట."
మళ్లీ దూదిలో చుట్టాడు.
డబ్బా జేబులో వేసుకున్నాడు.
మిగిలిన చిల్లర లెక్క చూసుకున్నాడు.
మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు,
కాగితంలో రెండో వరస మీద వేలు పెట్టి:

"ఈ ఖ ఎవులమ్మా?
ఆడ్ని కూడా ఎత్తుకుపోనారేటి?"

నాది అని చెప్పలేదు.
కంట్రోల్ శాంపిల్, అన్నాను.