తలుపు మీద కొలత

డాంగ్రిగాలో, సముద్రం వైపు కిటికీలున్న
మా ఆరో తరగతి గదిలో
ఇవాళ హరికేన్ల ప్రాజెక్టులు.

ఎలూటెరియో రెండు సీసాలు మూతికి మూతి అంటించి
గిర్రున తిప్పాడు.
నీళ్ళు సుడి తిరిగి, నడుమ బోలుగా ఒక దారి.
"తుఫాను కన్నంటే ఇదే మిస్, అక్కడ గాలుండదు."
సీసా కారి వాడి నిక్కరు తడిసింది,
వెనక బెంచీ నవ్వింది.

ఫెలిసీతా దూది మేఘాలు అంటించి
సముద్రం ఇరవై ఆరున్నర డిగ్రీలు దాటాలని
ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసింది.
అట్లాంటిక్ స్పెల్లింగు తప్పు. అర మార్కు తీసేశాను.

సెఫెరీనా చార్టు తేలేదు.
అన్నా తనూ చెరో కొసా పట్టుకుని
వంటింటి తలుపు మోసుకొచ్చారు.

"అమ్మమ్మ దీనికి రంగు వెయ్యనివ్వదు" అంది.
టేపు సాగదీసి చూపించింది:
బురద నీళ్ళు ఆగిన చార, నూట డెబ్బై రెండు సెంటీమీటర్లు.
దాని కింద పెన్సిలు గీతలు,
పుట్టినరోజుకల్లా పిల్లల్ని నిలబెట్టి గీసినవి.
పక్కన పేర్లు.
అన్నీ ఏటికేడూ ఎగబాకి, చార దాటి పైకి పోయాయి.
ఒక పేరు మాత్రం
ఐదు గీతలతో సరి.

"ఫలితం?" అన్నాను, అలవాటుగా.
నోట్సు చూసి చదివింది:
"నీటి ఎత్తులోంచి ఆఖరి గీత తీసేస్తే
అరవై ఎనిమిది."

ఎలూటెరియో సీసాలు మెల్లగా కింద పెట్టాడు.

ఇరవైకి ఎంత వెయ్యాలో
నా పెన్ను ఇంకా తేల్చుకోలేదు, గంట కొట్టారు.
వచ్చేప్పుడు పట్టిన తలుపు
పోయేప్పుడు గుమ్మంలో ఇరుక్కుంది.
అందరం తలో చెయ్యీ వేశాం.