రెండో వైపు

కోఎంజిలో, స్నానశాల వెనక సందులో, మూడో అంతస్తు.
మెట్లు ఎంత ఇరుకంటే
ఎదురొచ్చినవాళ్లకి దారివ్వాలంటే గోడైపోవాలి.
కొట్టాయన కురమోచి తలెత్తకుండానే
"దొరికింది" అంటాడు.

ఏడంగుళాల రికార్డు. అచ్చయినవి మూడొందలు.
నా దగ్గర పదకొండున్నాయి.

మొదటి వైపు పాట. దాని జోలికి పోను.
రెండో వైపు
పాటలోంచి పాడినవాణ్ణి తీసేశారు.
బేసు మిగిలింది, ఖాళీ నీళ్ల ట్యాంకులో ఎవరో నడుస్తున్నట్టు.
డ్రమ్ము ఒక్క దెబ్బ వేసి
అది గోడలన్నీ తిరిగొచ్చేదాకా ఆగుతుంది.
రెండో నిమిషంలో ఒక ఊపిరి,
మాట కాబోతుండగా కత్తిరించింది.

మొన్న ఫ్రిజ్ బాగుచేయడానికొచ్చినాయన
చొక్కా మీద పేరు: తొగాషి.
రికార్డు నడిమి కాగితం మీదున్న పేరే.
అడగలేదు. ముల్లు దించాను.

స్క్రూడ్రైవర్ ఆగింది.
ఊపిరి వచ్చింది, పోయింది.
"బేసు ఎక్కువైంది" అన్నాడు.
పెన్సిలుతో బిల్లు రాసిచ్చి, బూట్ల లేసులు కట్టుకోవడానికి
చాలాసేపు తీసుకున్నాడు.

పన్నెండోది సంచిలో పెట్టుకుని మెట్లు దిగుతున్నాను.
ఇది అతనికి.
పాడు ఫ్రిజ్,
మళ్లీ పాడవదేం.