మూడో కోటింగు

ఎర్రగుంట్ల నాలుగు రోడ్ల కాడ
ముద్దనూరు బస్సు ఆగే చోటికి సరిగ్గా ఎదురు
ఓబుళమ్మ ఇల్లు.
బస్సు రాదు. వచ్చినా నిలబడే సందు ఉండదు.
అందాక జనం చూసేదేముంది,
ఆమె గోడే.

"పదేండ్ల సంది ఊరంతా నిలబడి
నా ఇంటిని సూచ్చాండాది కుళ్లాయప్పా,
నాకొక్కదానికే సూడబుద్ధి కాదు"
అన్నది, టీ గ్లాసు చేతికిస్తా.

ఆ గోడ నాకు తెలుసు.
నిచ్చెనెక్కి, దారం కొట్టి,
నేనే రాసినా దాని మీద మనిషెత్తు అక్షరాలు:
ఐరావతం సిమెంటు. తరతరాల బలం.
పక్కన తొండమెత్తిన ఏనుగు.
నాకు అడుగుకు రెండు రూపాయలు.
ఆమెకు కంపెనీ ఇచ్చింది గోడ గడియారం,
అది రెండో ఉగాదికే నిలబడిపోయింది.

ఇంతకీ ఆ గోడలో సిమెంటు చారెడు లేదు.
బురదలో పేర్చిన నాపరాయి,
వాళ్ల మామ ఎద్దులబండి మీద తోలుకొచ్చింది.

పొదుపు సంఘంలో ఎత్తిన పద్దెనిమిది వేలు
కొంగున కట్టుకొని మొదలుపెట్టింది.
ఎలక్షన్ పోస్టర్లు గోకడానికే రెండు దినాలు,
ఒక నాయకుని కింద ఇంకొక నాయకుడు,
అందరి కింద పశువుల సంత నోటీసు.
ప్రొద్దుటూరు పాత ఇనుము అంగట్లో గేటు దొరికింది,
దాని మీద ఎవరిదో 'సు' అక్షరం.
"ఉండనీ, సుబ్బరంగా ఉందనుకుంటారు" అని నవ్వింది.
సిమెంటు సంచుల్లో మన్ను నింపి గన్నేరు కొమ్మలు గుచ్చింది.
ఫ్యాన్సీ షాపు గురవయ్య వచ్చి చెప్పినాడు,
అరుగు అంచుకు మొలలు కొట్టించు వదినా,
ఎవడూ కూర్చోడు, ఎవడూ ఉమ్మడు.
ఆమె విన్నది.
విని, బేల్దారిని పిలిచి
అరుగును ఇంకో బండ పొడుగు చేయించింది.

రంగుల కార్డు ముందు పెడితే
పొద్దు గూకేదాకా తేలలేదు.
నీలం? ఆర్నెల్లకు ఫ్యాక్టరీ దుమ్ము దాన్నీ బూడిద చేస్తుంది.
తెలుపు? ఆ మాట ఎత్తనే వద్దు.
చివరకు డబ్బాలోంచి ఒక చెనిక్కాయ వొలిచి
గింజ మీది పొట్టు చూపించింది.
"ఇది కావల్ల.
దుమ్ము పడినా తెలీకూడదు, పడనట్టూ ఉండల్ల."

మొదటి కోటింగు ఆరింది.
తెల్లారి చూస్తే ఏనుగు పోయింది, అక్షరాలు పోలేదు,
నీళ్లలోంచి తేలినట్టు తేలినాయి.
రెండోది వేసినా.
'తరతరాల' మునిగింది.
'బలం' మునగలేదు.
ఆయిలు పెయింటు, అసలు సరుకు,
ఆ దినం నేను కల్తీ చేయలేదు మరి.
నా చేతి పనే నా చేతికి లొంగలేదని
గర్వపడల్నో, సిగ్గుపడల్నో అర్థం కాలేదు.

మూడో డబ్బా నా దుడ్లతో తెచ్చినా.
లెక్కల చీటీలో రాయలేదు.
ఆమె చీటీ చదివింది, గోడ చూసింది,
ఏమీ అనలేదు.
పోయేటప్పుడు తువ్వాలలో రెండు శేర్ల చెనిక్కాయలు పోసి
ముడి తనే వేసింది.

నిన్న వాన.
ముద్దనూరు పోవాలని నేనూ ఆ అరుగు మీదే కూర్చున్నా,
నలుగురు ముసలోళ్లు, ఒక పాల క్యాను, ఒక గర్భిణి,
అందరమూ గోడకు వీపానించి రోడ్డు దిక్కు చూస్తా.
ఇంత చేస్తే ఇప్పుడు గోడను చూసేవాడే లేడు.
అరుగు మీద చోటు దొరకనోడు
గొడుగు కింద ఫోను చూసుకుంటాండాడు.

నేనొక్కన్నే తిరిగి చూసినా.
తడిసిన చోట, కిటికీ పక్కన,
బలంలోని సున్నా ఒకటి
సన్నగా, గుండ్రంగా పైకొచ్చి ఉంది.
బ్రష్షు ఇంట్లో ఉంది. రేపొచ్చి తుడుస్తాలే అన్నా.
"దాన్ని నేను శ్రావణంలోనే సూసినా" అన్నది ఓబుళమ్మ గేటు తీస్తా,
"లే, బస్సొచ్చాండాది."