అస్తమానూ

నాలుగు గడులున్న కాగితం మాది.
"గత రెండు వారాల్లో" అని మొదలవుతుంది.
నర్సాపురం ఆసుపత్రి, చివరి గది.
కిటికీలోంచి రేవు వాసన:
డీజిలూ, తడి బురదా.

మొదటి ప్రతిలో నాలుగో గడి మీద "ఎల్లప్పుడూ" అని ఉండేది.
ఆ మాట విని ఒక్కరూ తలెత్తలేదు.
"చర్చిలో ప్రార్థనప్పుడు తప్ప ఇంకెక్కడా అనమండీ" అంది
ఆయా సుగుణరత్నం, బకెట్టు దించుతూ.
కొట్టేసి "అస్తమానూ" అని రాశాను.

మూలం మొహం చూడని ఒకాయనకి
విశాఖ పంపాం, తిరిగి ఇంగ్లీషు చెయ్యమని.
అస్తమానూ కాస్తా ఆయన చేతిలో
"పొద్దు గుంకేదాకా" అనే ఇంగ్లీషై వచ్చింది.
కమిటీ అంతా నవ్వారు. నేనూ నవ్వాను.
సాయంత్రం పంట కోసం నిలబడి
అవతలి ఒడ్డున పొద్దు గుంకుతుంటే
ఆయన తప్పేం రాయలేదనిపించింది.
గుంకాక ఎలా ఉంటుందో అడిగే ప్రశ్న
మా దగ్గర లేదు.

మూడో ప్రశ్న నిద్ర.
మొగల్తూరు చెరువుల కాపలా సత్తిపండు
"నేను నిద్రోతే రొయ్య తేలిపోద్దండి" అన్నాడు.
రాత్రంతా ఏరియేటర్ల చప్పుడు వింటాడు,
చప్పుడు ఆగితే లేచి పరిగెడతాడు.
జబ్బు గడిలో టిక్కు పడింది.
ఆ టిక్కు అతనిదా, చెరువు ఆసామిదా?

ఐదో ప్రశ్నలో "బెంగ" అని పెట్టాం.
"ఎవరిమీదండీ?" అని వరసగా పదకొండు మంది.
"దిగులు" అన్నాం. "దేనికీ?" అన్నారు.
ఎవరిమీదా కానిదానికి, దేనికీ కానిదానికి
ఈ కాలవల మధ్య మాట దొరకలేదు,
లేసు సూది ఆపకుండా మల్లాడి పళ్ళాలమ్మ ఇచ్చేదాకా:
"ఊరికినే ఏడుపొచ్చేస్తది కదండీ, అదా?"

అదే.
"కదండీ" తీసేసి అచ్చు వేయించాం.

తొమ్మిదోది మెల్లగా చదివాను.
సూది ఆగింది.
"పంట మీంచి నీళ్ళకేసి చూడ్డం కూడా లెక్కేనా?"
గడుల్లో ఆ సంగతి లేదు.
అంచున పెన్సిలుతో రాసి
డాక్టరుగారిని పిలిచాను.
ఆ పూట ఇంకేం అడగలేదు.

పద్నాలుగు రోజులకి మళ్ళీ అవే ప్రశ్నలు.
"మొన్నేం చెప్పానో అదే ఏసుకోండి" అన్నాడు సత్తిపండు.
అతని పుణ్యాన మా కాగితానికి నిలకడ ఉందని తేలింది.
పళ్ళాలమ్మ వేలు
అస్తమానూ దాటి వెనక్కొచ్చి
అప్పుడప్పుడు దగ్గర ఆగింది.
అంకె కాస్త పడిపోయింది.
ఈ పేషెంటుని తీసేద్దామా అన్నారు.

కొలబద్ద కదలకూడదు.
మనిషి కదిలితే మాత్రం కదలాలి.
ఏ భాషలోకి దించినా ఇది మెలికే.

తియ్యలేదు.
కానీ ఒక సంగతి నివేదికలో రాయలేదు:
వేలు పెట్టేముందు ఆవిడ నా మొహంలోకి చూసి
"ఏది పెడితే మీకు బాగుంటదమ్మా?" అంది.