తుమ్ము

మా కాలేజీ రేడియో గదికి గోడల నిండా కోడిగుడ్ల అట్టలే.
ఫ్యాను ఆపితేనే మైకు పెట్టాలి.
నల్లపాడు గేటు దాటితే మేం వినపడం.

సాయంత్రం కబుర్లు నేనే చదువుతాను:
బ్రాడీపేట నాలుగో లైనులో రేపు నీళ్లు రావు,
సంగడిగుంటలో రక్తదానం,
ఎవరిదో మేక తప్పిపోయింది, ఒక చెవి నలుపు.

ఆ తర్వాత శౌరమ్మ పాట.
మిర్చి యార్డులో ముచ్చికలు తీస్తూ పాడుతుంటే
టిక్కీల సందున గొంతుక్కూర్చుని ఫోన్లో పట్టుకొచ్చాను.
రెండో చరణం ఎత్తుకుంటూనే తుమ్మింది.
వెనకాల ఇంకో నలుగురు. ఆఖర్న నేను.
ముక్కు కొంగుతో తుడుచుకుని
ఆగిన మాట దగ్గరే అందుకుంది.

"అది కోసెయ్" అన్నాడు ఖుద్దూస్.
కోసి విన్నాం.
పాట శుభ్రంగా ఉంది.
ఏ ఊరిదో తెలీలేదు.

మళ్లీ అతికించాం.

ఆరున్నరకి వేశాం.
ఆవిడకి రేడియో లేదు,
ఆటో స్టాండులో నిలబడి ఎవరి బండిలోనో విన్నదట.
పొద్దున్నే ఫోను చేసింది,
పాట ఊసే ఎత్తలేదు.
"ఆ మేక దొరికిందా, అమ్మాయ్?"